వంగే షాఫ్టులో ఏది తిన్నగా ఉండాలి?

రిమోట్‌తో నడిచే రేసు మోడల్ పడవల్లో మోటారు పడవ కడుపులో పడుకుని ఉంటుంది. ప్రొపెల్లర్ వెనకాల, అడుగు పలక కంటే కిందికి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే తిన్నటి ఇరుసుతో కలపాలంటే మోటారును బాగా ఏటవాలుగా బిగించాలి. అప్పుడు ప్రొపెల్లర్ ఇరుసు కూడా ఏటవాలుగానే ఉంటుంది కాబట్టి, ముందుకు తోయాల్సిన బలంలో కొంత పడవ తోకను పైకెత్తడానికే ఖర్చవుతుంది. అందుకే మోటారు దగ్గర ఏటవాలుగా మొదలై, నెమ్మదిగా వంగి, వెనక్కి వచ్చేసరికి నీటికి సమాంతరంగా నిలిచే ఇత్తడి గొట్టం పెడతారు. దాని లోపల తిరిగేదే ఫ్లెక్స్ షాఫ్ట్.

ఇది గట్టి కడ్డీ కాదు. సన్నటి స్ప్రింగ్ స్టీలు తీగను పొరల మీద పొరలుగా చుట్టి చేస్తారు. ఒక పొర కుడి పురి, దాని మీది పొర ఎడమ పురి. పాత స్కూటర్లలో చక్రం దగ్గర్నుంచి మీటరు దాకా వెళ్లే స్పీడోమీటర్ కేబుల్ లోపల తిరిగేది కూడా ఈ జాతిదే. మోడల్ పడవల్లో కేబుల్ సైజులు ఇప్పటికీ ఎక్కువగా అంగుళాల లెక్కలోనే నడుస్తున్నాయి: 1/8 అంగుళం, అంటే సుమారు 3.2 మి.మీ.; 0.150 అంగుళం, అంటే 3.8 మి.మీ.; 3/16 అంగుళం, అంటే 4.76 మి.మీ.; పెద్ద పెట్రోలు ఇంజిన్ పడవలకు 1/4 అంగుళం, అంటే 6.35 మి.మీ. కేబుల్ వెనక చివర ఒక గట్టి స్టీలు ముక్క అతికి ఉంటుంది. దాన్ని స్టబ్ షాఫ్ట్ అంటారు. అది స్ట్రట్‌లోని (పడవ వెనక షాఫ్టును మోసే ఆసరా ముక్కలోని) బుష్‌ల గుండా, అంటే షాఫ్టు తిరిగే చిన్న లోహపు గొట్టపు ముక్కల గుండా, బయటికి వస్తుంది. దాని మీద డ్రైవ్ డాగ్ (ప్రొపెల్లర్‌ను పట్టి తిప్పే ముక్క), ఆ వెనక ప్రొపెల్లర్, చివర నట్టు.

కాబట్టి ‘షాఫ్టు తిన్నగా ఉందా’ అని అడగడం దగ్గరే చిక్కు వస్తుంది. వంగడానికే పుట్టిన కేబుల్‌ను, అణువంత కూడా వంగకూడని స్టబ్‌ను కలిపి ఒకే పరీక్షకు పెడితే వచ్చే జవాబుకు అర్థం ఉండదు. స్టబ్ తిన్నగా ఉండాలి. కేబుల్ పొడవునా ఒకేలా ఉండాలి. రెండూ కలిసే అతుకు దగ్గర రెండింటి నడిమధ్య గీత ఒకటే కావాలి. మూడు వేర్వేరు విషయాలు, మూడు వేర్వేరు పరీక్షలు. చాలామంది కేబుల్ వంకర చూసి కంగారు పడతారు, స్టబ్ వైపు చూడనే చూడరు. నిజానికి పడవను ఇబ్బంది పెట్టేది ఎక్కువసార్లు స్టబ్బే.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 2000 కేవీ (అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 2000 చుట్లు తిరిగే) మోటారుకు 14.8 వోల్టుల బ్యాటరీ పెడితే, లోడు లేనప్పుడు వేగం నిమిషానికి 29,600 చుట్లు. గుండుగా 30,000 అనుకుందాం. ప్రొపెల్లర్ బరువు 20 గ్రాములు. స్టబ్ కాస్త వంగి ప్రొపెల్లర్ కేంద్రం 0.05 మి.మీ. పక్కకు జరిగిందనుకుందాం. అది వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ వేగంలో పక్కకు లాగే బలం దాదాపు 10 న్యూటన్లు, అంటే ఒక కిలో బరువు. ఆ కిలో బరువు సెకనుకు 500 సార్లు బుష్ చుట్టూ తిరుగుతూ గుద్దుతూ ఉంటుంది. అదే షాఫ్టు 10,000 చుట్ల దగ్గర ఉంటే బలం తొమ్మిదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. ఒడ్డు దగ్గర నెమ్మదిగా తిప్పినప్పుడు నిశ్శబ్దంగా ఉన్న పడవ, ఫుల్ థ్రాటిల్‌లో గరగరలాడటానికి కారణం ఇదే. చేత్తో తిప్పి చూసి ‘బాగానే ఉంది’ అనుకోవడానికి కారణం కూడా ఇదే.

కేబుల్ సంగతి వేరు. అది మెత్తన. గొట్టంలో ఎలాగూ వంపు తిరిగి ఉంటుంది, ప్రతి చుట్టులోనూ ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతూనే ఉంటుంది. దానికి సహజంగా కొంచెం వాలు ఉన్నా గొట్టం దాన్ని దారిలో పెడుతుంది. చుట్ట చుట్టిన ప్యాకెట్‌లోంచి తీసిన కొత్త కేబుల్ కాస్త వంకరగా కనిపిస్తే దాన్ని తిప్పి పంపాల్సిన పని లేదు. భయపడాల్సింది పొడవాటి సన్నని వంపుకు కాదు, ఒకేచోట పడ్డ మెలికకు.

పరీక్ష అనగానే అందరికీ గుర్తొచ్చేది గాజు పలక. మందపాటి అద్దం మీద షాఫ్టును దొర్లించి కింద వెలుగు కనిపిస్తుందా అని చూడటం. గాజు ఎంపిక తప్పు కాదు. 1959లో ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ ప్రకటించిన పద్ధతిలో, కరిగిన తగరం మీద తేలుతూ గడ్డకట్టే గాజు చాలా సమతలంగా వస్తుంది. ఇంట్లో దొరికే వస్తువుల్లో దాన్ని మించిన చదును ఉపరితలం అరుదు. కాకపోతే పల్చటి గాజు కింద బల్ల ఎగుడుదిగుడుగా ఉంటే దాంతో పాటే వంగుతుంది. కనీసం 6 మి.మీ. మందం ఉంటే నయం.

గట్టి కడ్డీకి ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఫ్లెక్స్ షాఫ్ట్ దగ్గరే మోసం చేస్తుంది. మొత్తం షాఫ్టును గాజు మీద పెట్టి దొర్లిస్తే, కేబుల్‌కున్న చిన్న వాలు తిరిగినప్పుడల్లా స్టబ్‌ను ఒక పక్క నుంచి ఎత్తుతుంది. స్టబ్ నిక్షేపంగా ఉన్నా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. కేబుల్‌ను బల్ల అంచు అవతల వేలాడదీసి స్టబ్‌ను మాత్రం గాజు మీద దొర్లిద్దామంటే, వేలాడే బరువు స్టబ్ ముందు భాగాన్ని కిందికి నొక్కి వెనక భాగాన్ని లేపుతుంది. పైగా అతుకు దగ్గర స్టబ్ తల లావుగా ఉండే రకాల్లో ఆ తల గాజుకు తగిలి అసలు స్టబ్ ఆననే ఆనదు. అప్పుడు తలను గాజు అంచు బయట ఉంచి, కేబుల్ కింద అదే ఎత్తుకు స్పాంజి ముక్క పెట్టి, స్టబ్ నున్నటి భాగాన్ని మాత్రమే దొర్లించాలి. వెనక నుంచి టార్చి వేసి చూస్తే కాంతి గీత ఒకే మందంలో ఉందా, తిప్పేకొద్దీ విప్పారి మూసుకుంటోందా అన్నది తెలుస్తుంది. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.05 మి.మీ. రేకు ఆ సందులో దూరిందంటే ఇక వాదన అక్కర్లేదు, స్టబ్ వంగింది.

దూరకపోతే? స్టబ్ బాగున్నట్టా? కాదు, గాజు చూపించగలిగే హద్దు అంతవరకే అని. అంతకంటే లోతుగా చూడాలంటే వి-బ్లాకులు (కడ్డీ కూర్చునే వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెలు), డయల్ గేజ్ (ఆనించిన పిన్ను కదలికను సూదితో చూపే కొలత పరికరం) కావాలి. 0.01 మి.మీ. దాకా చదివే డయల్ ఇప్పుడు మరీ ఖరీదైన పనిముట్టేం కాదు. కొనడం ఇష్టం లేకపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ లేత్ షాపులో అడిగినా ఉంటుంది. ఇంజిన్ షాఫ్టులు చూసేవాళ్లకు ఈ చిన్న స్టబ్ చూడటం క్షణాల పని.

వి-బ్లాకులను ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. స్ట్రట్‌లో బుష్‌లు స్టబ్‌ను ఎక్కడ పట్టుకుంటాయో సరిగ్గా అక్కడే రెండు బ్లాకులు ఉండాలి. అప్పుడే పడవలో ఎలా తిరుగుతుందో బల్ల మీదా అలాగే తిరుగుతుంది. కేబుల్ వైపు అదే స్పాంజి ఆసరా. స్టబ్ పైకి లేవకుండా బ్లాకు మీదుగా ఒక రబ్బరు బ్యాండ్ వేస్తే ఒత్తిడి ఒకేలా ఉంటుంది, వేలితో నొక్కినప్పటి తేడాలు రావు. తిప్పేది స్టబ్‌ను పట్టుకుని, కేబుల్‌ను పట్టుకుని కాదు. డయల్ పిన్ను స్టబ్‌కు నిటారుగా ఆనాలి. మర ఉన్న భాగం మీద పెడితే సూది మర గట్లను చదువుతుంది, వంపును కాదు. ప్రొపెల్లర్ కూర్చునే నున్నటి చోటే సరైన జాగా.

ఒక చుట్టు తిప్పినప్పుడు సూది చూపే అతి పెద్ద అంకెకూ అతి చిన్న అంకెకూ మధ్య తేడానే రనౌట్ అంటారు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సూది 0.10 చూపిందంటే షాఫ్టు కేంద్రం 0.10 జరిగినట్టు కాదు. ఒకసారి అటు 0.05, ఒకసారి ఇటు 0.05. జరిగింది సగమే. పై లెక్కలో కిలో బరువు గుద్దిన షాఫ్టు డయల్ మీద చూపేది 0.10 అన్నమాట.

అంకె ఒక్కటే చూసి గేజ్ పక్కన పెట్టేస్తే సగం సమాచారం పోయినట్టే. సూది ఎలా కదిలిందన్నది ఇంకా ఎక్కువ చెబుతుంది. చుట్టుకు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే అది వంపు, లేదా కేంద్రం తప్పడం. ఈ రెండింటినీ విడదీయాలంటే డయల్‌ను బుష్‌కు దగ్గరగా ఒకసారి, చివరికి దగ్గరగా ఒకసారి పెట్టి చూడాలి. దూరం వెళ్లేకొద్దీ అంకె పెరుగుతూ పోతే వంపు. అన్నిచోట్లా ఒకటే అయితే కేంద్రం తప్పింది. చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గితే స్టబ్ కోడిగుడ్డులా అరిగిందని అర్థం. ఇది ఇసుక నీళ్లలో నడిచి బుష్‌లు పాడైన పడవల్లో కనిపిస్తుంది. మూడుసార్లు కదిలితే కడ్డీ తయారీలోనే మూడు మూలలు తేలింది. ఇలాంటి కడ్డీ మైక్రోమీటరుకు ఎక్కడ కొలిచినా ఒకే వ్యాసం చూపుతుంది, వి-బ్లాకులో మాత్రం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. చుట్టుకు ఒకసారి కదిలే సూదికే స్టబ్‌ను తప్పు పట్టాలి.

వి-బ్లాకులు లేనప్పుడు చాలామంది షాఫ్టును డ్రిల్లు మిషనుకు బిగించి తిప్పి చూస్తారు. చివర ఊగితే ‘వంగింది’ అని తీర్పు. ఈ పరీక్షలో నిందితుడు షాఫ్టో, దాన్ని దవడలతో పట్టుకునే డ్రిల్లు చక్కో చెప్పలేం. మామూలు డ్రిల్లు చక్కుకే చాలా ఊగు ఉంటుంది. లేత్ మీది మూడు దవడల చక్కు కూడా, కాస్త వాడినదైతే, తనంతట తానే 0.05 నుంచి 0.10 మి.మీ. దాకా తప్పు చూపడం మామూలే. అంటే ఏ తప్పును వెతుకుతున్నామో అంత తప్పు పరికరంలోనే ఉంది. దీనికి సులువైన విరుగుడు ఉంది. ఊగు ఎక్కువగా ఉన్న వైపు స్టబ్ మీద మార్కర్‌తో చుక్క పెట్టాలి, చక్కు మీదా ఒక చుక్క. చక్కు వదులు చేసి షాఫ్టును సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాలి. ఎత్తు ఇప్పుడూ షాఫ్టు చుక్క దగ్గరే ఉంటే తప్పు షాఫ్టుది. చక్కు చుక్కతో పాటు ఉండిపోతే తప్పు చక్కుది. రెండింటికీ మధ్యలో ఎక్కడో పడితే ఇద్దరికీ వాటా ఉంది. పడవలోనూ మోటారు కోలెట్ (కేబుల్‌ను మోటారు ఇరుసుకు బిగించి పట్టే ముక్క) మీద ఇదే ఉపాయం వాడొచ్చు. కేబుల్‌ను కోలెట్‌లో సగం చుట్టు తిప్పి బిగించినప్పుడు అదురు మారితే, చూడాల్సింది స్టబ్‌ను కాదు, కోలెట్‌ను, మోటారు ఇరుసును.

ఇక కేబుల్. దీనికి డయల్ గేజ్ అంతగా పనికిరాదు. పిన్ను ఒక్కో తీగ మీద ఎక్కి దిగుతూ సూదిని గంతులు వేయిస్తుంది. కేబుల్‌కు వేళ్లు, కళ్లు, ఒక చిన్న గొట్టం ముక్క చాలు. మొదట గ్రీజంతా తుడిచి, కేబుల్‌ను కోలెట్ చివర పట్టుకుని స్టబ్ కిందికి వేలాడేలా నిలువుగా పట్టుకోవాలి. వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పితే స్టబ్ కొన ఉన్నచోటే తిరగాలి. కొన గాలిలో పెద్ద సున్నా గీస్తోందంటే ఎక్కడో వంపు స్థిరపడిపోయింది. ఆ వంపు పొడవునా పరుచుకుని ఉంటే సర్దుకుపోవచ్చు. ఒక్కచోటే విరుపులా కనిపిస్తే ఆ కేబుల్ పని అయిపోయినట్టే. మెలిక పడ్డచోట పొరలు ఒకదాని మీద ఒకటి జరిగిపోయి ఉంటాయి, వాటిని మళ్లీ యథాస్థానంలో కూర్చోబెట్టడం చేతులతో అయ్యేది కాదు.

గొట్టం ముక్క పరీక్ష ఇంకా నమ్మదగింది. ఇత్తడి గొట్టం లోపల వేసే టెఫ్లాన్ లైనర్‌లోనే జానెడు కొత్త ముక్క కోసి కేబుల్ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తోయాలి. ఎక్కడా ఆగకుండా జారితే మంచిది. పట్టేసిన చోట రెండే కారణాలు: మెలిక, లేదా పురి విడి కేబుల్ ఉబ్బడం. పై పొర పురి ఎటు ఉందో తిరిగే దిశ అందుకు తగ్గట్టుగా ఉండాలి. లోడు పడినప్పుడు పై పొర బిగుసుకోవాలి. రివర్స్‌లో గట్టిగా తిప్పినా, రెండు మోటార్లు ఎదురెదురు దిశల్లో తిరిగే పడవలో రెండింటికీ ఒకే పురి కేబుల్ వేసినా, ఒకదాని పై పొర విప్పుకుంటుంది. అందుకే అలాంటి పడవలకు ఎదురు పురి కేబుల్ విడిగా అమ్ముతారు. శక్తికి మించిన మోటారు పెట్టినా, కలుపు మొక్కలో ప్రొపెల్లర్ చిక్కి హఠాత్తుగా ఆగినా, కేబుల్ గొట్టంలోనే మెలికలు తిరిగిన స్క్రూలా తయారవుతుంది. గాజు మీద పెడితే అది సమాన దూరాల్లో మాత్రమే ఆనుతుంది. ఈ రూపం ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరపడరు. విరిగిన తీగల కోసం పాత నూలు గుడ్డతో కేబుల్‌ను తుడవాలి, పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ తెగింది. ఈ పని వట్టి వేళ్లతో చేస్తే తీగ ముల్లు చర్మంలో దిగుతుంది.

అతుకు గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే తిన్నటి స్టబ్, మంచి కేబుల్ కలిసి చెడ్డ షాఫ్టు అయ్యేది ఇక్కడే. చాలావాటిలో స్టబ్ తలలో రంధ్రం చేసి, కేబుల్ కొనను అందులో దూర్చి టంకం వేస్తారు. రంధ్రం కాస్త వదులైతే టంకం గడ్డకట్టేలోపు కేబుల్ ఒక పక్కకు వాలి అలాగే నిలిచిపోతుంది. స్టబ్ మీద డయల్ 0.01 చూపినా, అతుకు దాటాక కేబుల్ కేంద్రం తప్పి ఊగుతుంది. దీన్ని చూడటానికి వి-బ్లాకులో స్టబ్‌ను అలాగే ఉంచి, డయల్‌కు చదునైన కొన తగిలించి, అతుకుకు సెంటీమీటరు అవతల కేబుల్ మీద పెట్టాలి. స్టబ్ మీద వచ్చినంత చిన్న అంకె ఇక్కడ రాదు, రావాలని ఆశించడమూ సరికాదు. కానీ సూది చుట్టుకు ఒక్కసారి నెమ్మదిగా పెద్దగా ఊగితే కేబుల్ పక్కకు వాలిందన్నమాటే.

వేడి కూడా ఇక్కడే తన లెక్క చూపిస్తుంది. 56 శాతం వెండి ఉన్న టంకం సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర పారుతుంది. ఆ వేడికి అతుకు పక్కనున్న స్ప్రింగ్ స్టీలు తన పదును కోల్పోయి మెత్తబడుతుంది, తర్వాత వంగితే వంగినట్టే ఉండిపోతుంది. కొద్దిపాటి వెండి కలిపిన తగరం టంకం దాదాపు 221 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కేబుల్ గుణం చెడదు. బలం తక్కువేమో అన్న అనుమానం సహజం. కానీ దూరిన పొడవు తగినంత ఉండి, సందు సన్నగా ఉంటే, మోడల్ పడవ టార్క్‌కు అది సరిపోతుంది. ఇంకో సంగతి, టంకం కేబుల్ పొరల్లోకి పైకి పాకితే అంతమేరా కేబుల్ కడ్డీలా బిగుసుకుపోతుంది. ఆ బిగుసు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే, ఏదో ఒక రోజు, షాఫ్టు విరుగుతుంది. అతుకుకు దగ్గర్లో వేళ్లతో మెల్లగా వంచి చూస్తే ఎక్కడి నుంచి మెత్తబడుతోందో తెలిసిపోతుంది.

బల్ల మీద అన్నీ సరిగ్గా ఉన్న షాఫ్టు కూడా పడవలో అదరొచ్చు. ఈ పడవల ప్రొపెల్లర్లు సగం నీటిలో, సగం గాలిలో తిరుగుతాయి. రెండు రెక్కల ప్రొపెల్లర్ అయితే చుట్టుకు రెండుసార్లు రెక్క నీటిని కొడుతుంది. అంటే ఏ లోపమూ లేని పడవలోనూ కొంత అదురు తప్పదు. బ్యాలెన్స్ చేయని ప్రొపెల్లర్, రంధ్రం వదులైన ప్రొపెల్లర్, గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) బిగించినప్పుడు ఒక పక్కకు తోసుకునే డ్రైవ్ డాగ్, ఇవన్నీ వంగిన స్టబ్ చేసే గోలే చేస్తాయి. కాబట్టి డయల్‌తో మొదట ఖాళీ స్టబ్‌ను, తర్వాత డాగ్ బిగించి స్టబ్‌ను, ఆ తర్వాతే ప్రొపెల్లర్ బాస్‌ను (రెక్కలు అతికి ఉండే నడిమి దిమ్మెను) చూడాలి. ఏ దశలో అంకె పెరిగితే తప్పు అక్కడ ఉంది. ప్రొపెల్లర్ తగిలించి మోటారును గాలిలో ఫుల్‌గా తిప్పి చూడటం మాత్రం వద్దు. నీటి లోడు లేక వేగం మితిమీరుతుంది, గ్రీజు లేని చోట లైనర్ కరుగుతుంది, రెక్క అంచు వేలిని క్షమించదు.

షాఫ్టును తిరిగి ఎక్కించేటప్పుడు డ్రైవ్ డాగ్‌కూ స్ట్రట్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. లోడు కింద పురి బిగిసి కేబుల్ పొట్టిదవుతుంది కాబట్టి ఆ ఖాళీ అవసరం. అది లేకపోతే డాగ్ స్ట్రట్‌ను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిని వంపు అనుకుని మంచి షాఫ్టులను పారేసేవాళ్లు ఉన్నారు.

ఎంతవరకు సర్దుకుపోవచ్చు? ప్రొపెల్లర్ కూర్చునే చోట డయల్ తేడా 0.03 మి.మీ. లోపు ఉంటే దాని వెంట పడటం దండగ, బుష్‌లోని సందే అంత ఉంటుంది. 0.05 దగ్గర నెమ్మది పడవకు పర్వాలేదు, రేసు పడవకు ఆలోచించాలి. 0.10 దాటితే రేసు పడవలో వాడకూడదు. మెత్తని స్టెయిన్‌లెస్ స్టబ్ అయితే రెండు వి-బ్లాకుల మధ్య ఎత్తు వైపును పైకి పెట్టి, స్క్రూ ప్రెస్‌తో కొద్దికొద్దిగా నొక్కి సరిచేయొచ్చు. నొక్కు వదలగానే కొంత వెనక్కి లేస్తుంది కాబట్టి కాస్త అవతలకు నొక్కి, ప్రతిసారీ డయల్‌తో చూసుకోవాలి. గట్టిపరిచిన స్టబ్‌తో ఆ ప్రయత్నం వద్దు. అది వంగకుండా ఉన్నట్టే ఉండి లోపల చీలిక తెచ్చుకుంటుంది, ప్రొపెల్లర్‌తో సహా చెరువు అడుక్కు చేరుతుంది. అలాంటప్పుడు మార్చాల్సింది కూడా మొత్తం షాఫ్టును కాదు. పరీక్షలో కేబుల్ నెగ్గి ఉంటే, టంకం కరిగించి పాత స్టబ్ తీసి కొత్తది వేస్తే చాలు. కొత్త అతుకును మాత్రం మళ్లీ వి-బ్లాకు మీదికి ఎక్కించకుండా పడవలోకి పంపకూడదు.